రెండో బహుమతిగా వచ్చిన రాయి

మొదటి బహుమతి కారు. మూడో బహుమతి రెండు తలుపుల ఫ్రిజ్. మధ్యలో మా ఆయనకి తగిలింది మాత్రం ఒక రాయి.

మలేషియాలో మా ఊరు సుంగై పెటాని. అక్కడ మేం సరుకులు కొనే దుకాణం వాళ్లు లక్కీ డ్రా తీసి, "ముగ్గురికి ఆస్ట్రేలియా యాత్ర" అని మైకులో అరిచారు. ఈయన వేదిక ఎక్కి, ఎన్నికల్లో గెలిచినవాడిలా చేతులూపారు. సిడ్నీ, సముద్రం, ఇసుకలో పడక అని కలలు కంటూ కిందికి దిగి కవరు విప్పితే తేలిందేమిటంటే, ఆ దేశం నడిబొడ్డున ఎడారిలో ఉలూరు అనే ఎర్రరాయి ఉంది, దాని చుట్టూ ఒక జాతీయ పార్కు ఉంది, మేం వెళ్లి దాన్ని చూసి రావాలి. అంతే. ఫ్రిజ్ వచ్చినా బావుండేది, కనీసం చల్లటి నీళ్లు దొరికేవి.

ముగ్గురిలో మూడో మనిషి మా వదిన అప్పలనరసమ్మ, ఈయన సొంత అక్క. డెబ్బై దాటాయి. తమ్ముడు ఎంత ప్రేమతో అక్కని విమానం ఎక్కిస్తున్నాడో అని మా వీధంతా ముక్కున వేలేసుకుంది. ఆ ప్రేమ వెనక కథ నాకు తెలుసు కాబట్టి నేను వేలు తీసేశాను.

మా తాతలు విజయనగరం వైపు నుంచి రబ్బరు తోటల్లో పనికి వచ్చినవాళ్లు. వదిన పుట్టిందీ, పెరిగిందీ, చెట్టు గీసి పాలు పట్టిందీ ఊరి శివారు తోటలోనే. ఆ తోటలో నూకాలమ్మ ఉంది. విగ్రహం కాదు. మోకాలెత్తు నల్లరాయి, దాని మీద పసుపు, కుంకుమ, పైన రేకు కప్పు. ఇప్పుడు తోట అమ్ముడుపోయింది, అక్కడ ఫ్యాక్టరీలు లేస్తాయి. రాయిని లేపేసుకుంటే దూరంగా మురికికాలువ పక్కన జాగా ఇస్తాం, పాలరాతి విగ్రహం పెట్టి గుడి కట్టుకోండి అని కొన్నవాళ్లు అన్నారు. గుడి కమిటీకి ఈయనే కార్యదర్శి. కమిటీ అంతా ఊఁ అంది. కానీ అమ్మవారికి తొలిపూజ వదినది. ఆవిడ ఊఁ అనకుండా రాయి మీద చెయ్యి వెయ్యడానికి కమిటీలో ఒక్క మగాడికీ గుండె చాల్లేదు. దేవుడు కరుణించినా పూజారి కరుణించకపోవడమంటే ఇదే.

"నాలుగు దేశాలు తిప్పితే అప్ప మనసు మెత్తబడుద్ది సరోజా," అన్నారు ఈయన. మా వాళ్లు అక్కని అప్ప అంటారు. తిప్పబోయేది ఒక్క దేశమే, అదీ ఒక్క రాయి చుట్టూ అని నేను గుర్తు చెయ్యలేదు.

కొబ్బరికాయకి ప్రవేశం లేదు

ఆస్ట్రేలియాలో దిగీ దిగగానే వదిన సంచీ పట్టుబడింది. అందులో ఒక కొబ్బరికాయ, వేపమండలు, పసుపు పొట్లం, ఆవకాయ సీసా, మైలో డబ్బా నిండా జంతికలు ఉన్నాయి. అంత పెద్ద రాయిని చూడబోతూ ఒట్టి చేతులతో ఎలా వెళ్తామని ఆవిడ వాదన. తనిఖీ చేసే అమ్మాయి తాటిచెట్టంత పొడుగు, మాట మాత్రం మెత్తన. జంతికలు వాసన చూసి వదిలింది. ఆవకాయని వెలుతురుకి ఎత్తి చూసి, అది తినే వస్తువని నమ్మడానికి కాస్త సమయం తీసుకుంది. కొబ్బరికాయనీ వేపమండల్నీ మాత్రం పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఎత్తి చెత్తడబ్బాలో వేసింది.

"ఓలమ్మో! కాయకి కూడా పాస్‌పోర్టు కావాలేటి?" అంది వదిన.

తర్వాత వంతు మా ఆయన బూట్లది. గుడికి ఇస్తామన్న జాగా కొలవడానికి వెళ్లి, ఆ మట్టితోనే విమానం ఎక్కిన మహానుభావుడు ఈయన. ఆ పిల్ల బూట్లు విప్పించి, తీసుకెళ్లి, కడిగి తెచ్చింది. అంతసేపూ ఈయన సాక్సుకి పడ్డ చిల్లు ఆస్ట్రేలియా ప్రభుత్వం చూస్తూ ఉంది.

"ఏటంటోందే ఆ గుంట?" అని వదిన నన్నడిగింది.

"పరాయి మట్టి వాళ్ల దేశంలోకి రాకూడదట వదినా. ఎక్కడి మట్టి అక్కడే ఉండాలట."

"మంచి మాటే కదా," అంది వదిన తమ్ముడి వైపు చూస్తూ. ఈయనకి సరిగ్గా అప్పుడే దగ్గు వచ్చింది.

ముఖానికి వల

ఎడారి ఊరు. మట్టి ఎరుపు, దారి ఎరుపు, పొద్దుపోయేసరికి మా ఆయన తెల్లచొక్కా కూడా ఎరుపే. బండి తోలే మనిషి తప్ప మిగతా అందరూ కాళ్లకి పని చెప్పాల్సిన చోటు. ఒక కప్పు కాఫీకి వాళ్లు తీసుకున్న డబ్బుతో మా ఊళ్లో నలుగురం రోటీ చనాయ్ తిని, తే తారిక్ టీ తాగి, మిగిలింది పార్సిల్ కట్టించుకోవచ్చు. కాఫీ ఇచ్చిన కుర్రవాడు చిరునవ్వు కూడా ఇచ్చాడు, దాని ధర అందులోనే కలిపినట్టున్నాడు.

ఈగల సంగతి ఎవరూ ముందు చెప్పలేదు. కుట్టవు, కరవవు, కళ్లలోకీ ముక్కులోకీ చుట్టాల్లా వచ్చి కూర్చుంటాయి. దుకాణంలో టోపీ మీదనుంచి మెడదాకా దిగే వలలు అమ్ముతున్నారు. ముగ్గురం కొనుక్కుని తగిలించుకున్నాం.

"ఇంట్లో కూరగిన్నెల మీద కప్పుతాం," అంది వదిన అద్దంలో చూసుకుని. "ఇక్కడ మనమే కూరలమైపోనాం లా." మాట చివర 'లా' తగిలించడం మా మలేషియా అలవాటు.

రాత్రి భోజనానికి కంగారూ మాంసం ఉందని తెలిసి ఈయన ఉత్సాహపడ్డారు. "గెంతుకుంటూ పోయేదాన్ని తింటావేట్రా, నీ మోకాళ్లు సూసుకున్నావా?" అని వదిన అడిగేసరికి రొట్టె, బంగాళాదుంపలతో సరిపెట్టుకున్నారు. మేం ఆవకాయ సీసా తీశాం. పక్క బల్ల మీది జర్మనీ దంపతులు వాసనకి ఇటు తిరిగి, ఒక చెంచా అడిగి, కన్నీళ్లు పెట్టుకుని, మళ్లీ అడిగారు.

భోజనానికి ముందే సూర్యాస్తమయం చూపించారు. జనం కుర్చీలు వేసుకుని, గాజు గ్లాసులు పట్టుకుని, రాయికేసి తిరిగి కూర్చున్నారు. పెళ్లికూతురు ఇంకా రాలేదన్నట్టు ఎదురుచూపులు. నేనూ నాలుగు వెటకారాలు సిద్ధం చేసుకుని కూర్చున్నాను. ఎండ వాలింది. రాయి నారింజ రంగైంది, తర్వాత నిప్పురంగు, తర్వాత లోపల దీపం పెట్టినట్టు ఒక ఎరుపు. దానికి పేరు నాకు తెలీదు. చుట్టూ చదునైన నేల, మధ్యలో అదొక్కటే. నా నోరు పెగల్లేదు. పెళ్లయిన ఇన్నేళ్లలో నేను అంతసేపు మాట్లాడకుండా ఉండటం చూసి ఈయన నీళ్ల సీసా అందించారు, ఒంట్లో బాలేదనుకుని.

వదిన మాత్రం వల పైకెత్తి దణ్ణం పెట్టింది. "పెద్దమ్మ," అంది.

కుడివైపు, ఎడమవైపు

మర్నాడు పొద్దున్నే రాయి దగ్గరికి తీసుకెళ్లారు. మా ఆయన కడిగిన బూట్లు బిగించి, "పైకెక్కాలంటే ఎటు?" అన్నారు. మా దేశంలో బాతు కేవ్స్ అనే కొండగుహ గుడి మెట్లన్నీ ఎక్కి దేవుణ్ణి చూసొచ్చే జాతి మాది. కొండ కనిపిస్తే కాళ్లు ఆగవు. ఇక్కడ ఎక్కడం మానిపించేశారట. ఇది అనంగు అనే ఇక్కడి మూలవాసుల పవిత్రస్థలం, ఎక్కొద్దని వాళ్లు ఏళ్ల తరబడి చెప్పారు, జనం ఏళ్ల తరబడి బోర్డు చదివి మరీ ఎక్కారు. ఆ ఎక్కిన పాదాల అరుగుడు రాతి మీద తెల్లటి చారలా ఇంకా కనిపిస్తోంది.

ఎక్కలేకపోతే చుట్టూ తిరగొచ్చు. దారి ఉంది, సగం పూట నడక. రాయి మన కుడిచేతి వైపు ఉండేలా నడవండి అని బోర్డు మీదే సలహా. వదిన ముఖం విప్పారింది.

"సూసినావా సరోజా? ఈళ్లకీ ప్రదక్షిణం తెలుసు!"

మా ఆయనకి మాత్రం ఎడమవైపు నీడ ఎక్కువగా కనిపించింది. "నేను ఇటు నుంచి వస్తాను, మధ్యలో కలుద్దాం," అన్నారు.

"అపసవ్యంగా తిరుగుతావేట్రా? అది సావుకి తిరిగే తిరుగుడు!"

"అప్పా, ఇది మన కోవెల కాదు లా." ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. చెయ్యి ఊపుకుంటూ పోయారు.

వదినా నేనూ నడిచాం. నడిచామంటే ఆవిడ నడిచింది, నేను వెంటపడ్డాను. తెల్లారకముందే లేచి వరసల కొద్దీ రబ్బరు చెట్లు గీసిన కాళ్లవి. దూరానికి నున్నగా కనిపించిన రాయి దగ్గరికెళ్తే ముడతలు, గుహలు, వాన కారిన నల్లటి జాడలు. ఒక మలుపులో నీటిగుంట, ఎడారిలో నిజం నీళ్లు. కొన్ని చోట్ల ఫొటోలు తియ్యొద్దని రాసి ఉంది, అవి ఆడవాళ్లకో మగవాళ్లకో మాత్రమే చెందిన తావులు. అలాంటి చోట వదిన తల దించుకుని, కొంగు భుజాల మీదుగా కప్పుకుని నడిచింది. ఎవరూ చెప్పకుండానే.

అవతలి వైపు మా ఆయన ఎదురొచ్చారు. ఎండకి వాడిపోయి, మోకాలు పట్టుకుని, అయినా ఎందుకో తెగ సంతోషంగా ఉన్నారు. నీడ దొరికిందా అంటే దొరకలేదన్నారు. మరి సంతోషం దేనికో నాకు అర్థం కాలేదు. మా ఆయన సంతోషానికి కారణాలు వెతకడం నేను చాలా ఏళ్ల క్రితమే మానేశాను.

జంతికల డబ్బా

ఆ సాయంత్రం టీ నీళ్లు పెట్టుకుని వదిన జంతికల కోసం మైలో డబ్బా తెరిచింది. జంతికల కింద ఈయన చేతిరుమాలు, అందులో గుప్పెడు ఎర్రమట్టి, పిడికిలంత ఎర్రరాయి.

"సూరీ. ఇదేట్రా?" అని తమ్ముణ్ణి అడిగింది.

తాడిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడమేత కోసం అన్నాడట వెనకటికొకడు. "జంతికలు మెత్తబడకుండా..." అని మొదలుపెట్టి, అక్క ముఖం చూసి ఈయన నిజంలోకి దిగారు.

"గుడి పునాదిలో ఎయ్యడానికి అప్పా. అందరూ కాశీ మట్టి ఏస్తారు, రామేశ్వరం ఇసక ఏస్తారు. మనం ఈ రాయి ఏస్తే పక్క గుడి కమిటీవాళ్లు నోరు మూస్తారు లా. ఇది కూడా పుణ్యస్థలమే కదా?"

"పుణ్యస్థలమని తెలిసే ఎత్తుకొచ్చినావా?"

వదిన రుమాలు ముడివేసి, తన దిండు పక్కన పెట్టుకుంది. జంతికలు ఎవరూ తినలేదు.

ఆంటీ

మర్నాడు మాకు రాసిన కార్యక్రమం ఒంటె సవారీ. వదిన వల్ల అది పోయింది, నాకేం దిగుల్లేదు, ఒంటెకీ ఉండి ఉండదు. రుమాలు పట్టుకుని పార్కు వాళ్ల సాంస్కృతిక కేంద్రానికి వెళ్లాం. అక్కడ బల్ల దగ్గరున్న మనిషి కోప్పడలేదు. ఇలా తీసుకెళ్లినవాళ్లు దేశదేశాల నుంచి రాళ్లు తపాలాలో తిప్పి పంపుతూ ఉంటారట, క్షమాపణలతో సహా. మీరు స్వయంగా తెచ్చారు, తపాలా ఖర్చు మిగిలింది అన్నాడు. మా ఆయన నవ్వబోయి మానుకున్నారు.

పక్కనే ఒక పెద్దావిడ కింద కూర్చుని చెక్కబొమ్మ మీద కాల్చిన తీగతో గీతలు వేస్తోంది. అనంగు మనిషి. వదిన ఈడే ఉంటుంది. ఆమెతో ఇంగ్లీషు తెలిసిన మనవరాలు. ఆ పిల్ల ఆమెని మాకు ఆంటీ అని పరిచయం చేసింది. మా మలేషియాలోనూ అంతే, పెద్ద వయసు ఆడది కనిపిస్తే ఆంటీ. వదిన అడక్కుండానే ఆమె ఎదురుగా మఠం వేసుకుని కూర్చుంది. ఇక ఆంటీ తన భాషలో, మనవరాలు ఇంగ్లీషులో, నేను తెలుగులో. మాట రెండు చేతులు మారి చేరేది. అయినా ఆ ఇద్దరూ నాకంటే ముందే నవ్వుకుంటున్నారు.

"రాయి ఎందుకు తీశాడని అడుగుతోంది," అన్నాను.

"గుడి కట్టడానికి. మా రాయిని లేపేసి, ఇంకోచోట." వదిన చెప్పింది.

"మీ రాయికి కథ ఉందా?" అని ఆంటీ అడిగింది.

వదిన చెప్పింది. నేను ఇరవై తొమ్మిదేళ్లుగా ఆ ఇంటి కోడల్ని, ఆ కథ అంతవరకు నాకు తెలీదు.

"ఈ సూరి సంటోడప్పుడు జొరం వచ్చింది. తోట దొరకి సెప్పుకుంటే రేపు సూద్దామన్నాడు. అమ్మ ఈణ్ణి సంకనేసుకుని ఆ రాయి సుట్టూ తిరిగింది. అప్పటికది ఒట్టి రాయే. పసుపు లేదు, పేరు లేదు. రాత్రంతా తిరిగింది. నాను లాంతరు పట్టుకుని ఎనకాల నడిసినాను. తెల్లారేసరికి సెమట పట్టి జొరం దిగింది. అప్పుడు అమ్మ పసుపు రాసి, నూకాలమ్మా అంది."

అదంతా నేను ఇంగ్లీషులో చెప్పాను. మా ఆయన గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. ఆయనకీ తెలీదని ముఖమే చెప్పింది.

ఆంటీ చెక్క కింద పెట్టింది. "అది ఎక్కడ జరిగింది?"

"అక్కడే. తోటలో."

ఆంటీ తల ఊపింది. మళ్లీ తీగ కాల్చుకుని పనిలో పడింది. ఉపదేశం వస్తుందని నేను ఎదురుచూశాను, రాలేదు. వదిన ఆవిడని అడిగింది, మీ రాయి కథేమిటని. కొన్ని చెప్తాను, కొన్ని చెప్పకూడదు అంది ఆంటీ. "అదీ మాట," అంది వదిన. ఈ నేలని ప్రభుత్వం ఒకప్పుడు తీసుకుందట. తర్వాత వీళ్లకి తిరిగి ఇచ్చిందట. వీళ్లు దాన్నే పార్కుకి అద్దెకిచ్చారట.

"అయితే సర్కారు ఈళ్ల ఇంట్లో అద్దెకుందా?" వదిన పకపకా నవ్వింది. "సూరీ, ఇన్నావేట్రా?"

లేచేముందు జంతికల డబ్బా ఆంటీ ఒళ్లో పెట్టింది. ఆంటీ ఒకటి కొరికి, డబ్బాని మనవరాలికి అందకుండా అటువైపు జరుపుకుంది.

సున్నా

తిరిగొచ్చాక కమిటీ కూర్చుంది. దేశం తిరిగొచ్చిన అక్క ఊఁ అంటుందని టీతో పాటు కూర కజ్జికాయల్లాంటి కరిపాప్‌లు కూడా తెప్పించారు. వదిన రెండు కరిపాప్‌లు తిని, "రాయి కదల్దు," అంది. అధ్యక్షుడు కార్యదర్శి వైపు చూశాడు. కార్యదర్శి చూరువైపు చూశారు.

"నువ్వు సెప్పు సూరీ. నువ్వే కదా రాసేది," అంది వదిన.

నా పెళ్లయినప్పటి నుంచి ఈయన జనం ముందు అక్కని ఎదిరించిందీ లేదు, సమర్థించిందీ లేదు. ఆ రోజు లేచి, గొంతు సవరించుకుని, "అప్ప మాటే నా మాట," అన్నారు. గుడి ముఖద్వారం మీద తన పేరు చెక్కించుకోవాలని ఎన్నాళ్ల నుంచో ఉన్న మనిషి. నాకు ఆయన మీద అంత ప్రేమ పొంగుతుందని కరిపాప్ తింటూ అనుకోలేదు.

కొన్నవాళ్ల తరఫున ఒక చైనీస్ ఇంజనీరమ్మాయి నక్ష పట్టుకుని తోటకి వచ్చింది. రాయి ఉన్నచోటికి కొత్త రోడ్డు అంచు వస్తుందట, ఏం చెయ్యలేమట. పాపం, మర్యాదగానే చెప్పింది. వదిన వంగి నక్ష చూసింది. రెండు రోడ్లు కలిసేచోట ఒక గుండ్రం గీసి ఉంది.

"ఇదేటి, ఈ సున్నా?"

"అది బులాతాన్, ఆంటీ. బండ్లన్నీ దాని చుట్టూ తిరిగి వెళ్తాయి."

"ఎటునుంచి?"

ఆ పిల్ల వేలితో చూపించింది. మా దేశంలో బండ్లు ఎడమపక్కన నడుస్తాయి కనుక, కూడలిలో గుండ్రం ఎప్పుడూ కుడిచేతి వైపే ఉంటుంది.

వదిన నడుము నిటారు చేసింది. "అమ్మోరిని కదపొద్దు. సున్నాని కదపండి."

నేను మలయ్‌లోకి తిప్పి చెప్పాను. ఆ పిల్ల నక్షని చూసింది, రాయిని చూసింది, వదినని చూసింది, నవ్వింది. తర్వాత చాలా తిప్పలు పడ్డాం. మురికికాలువ పక్కన జాగా వెనక్కి పోయింది, పాలరాతి విగ్రహం పోయింది, కమిటీ సగం మంది పండగలకి రావడం మానేశారు. సున్నా మాత్రం అమ్మవారి చుట్టూకి జరిగింది.

పోర్ట్ క్లాంగ్ ఓడరేవు నుంచి కంటైనర్ లారీలు ఇప్పుడు ఆ దారిన వస్తాయి. తోలేవాడు ఏ మతంవాడైనా, ఎంత తొందరలో ఉన్నా, నూకాలమ్మకి ప్రదక్షిణం చెయ్యకుండా ఫ్యాక్టరీకి చేరలేడు. సవ్యంగానే, తప్పితే పోలీసులు ఆపుతారు.

రోడ్డు తెరిచిన ఉదయం ఈయన నన్ను మోటార్‌సైకిల్ మీద ఎక్కించుకుని బయల్దేరారు. కూడలి దగ్గర రేకు కప్పు కింద వదిన దీపం వెలిగిస్తోంది. బజారుకి మొదటి మలుపే. ఈయన దాన్ని దాటేశారు. రెండోసారీ దాటేశారు.

"ఏటండీ, దారి మర్చిపోయారా?"

మూడో చుట్టులో వెనక లారీ హారన్ మోగించింది. నేను భుజం తట్టబోయి, ఆయన వీపు వెక్కిళ్లకి కదులుతుండటం చూసి చెయ్యి అక్కడే ఉంచేశాను.

"అమ్మ రాత్రంతా తిరిగింది సరోజా," అన్నారు. "ఇంకొక్కటి."